కొంచెం ఆర్డినరీగా ఉంది, డాక్

విద్యావతికి రోగాలంటే భయం లేదు. కాకినాడలో హౌస్ సర్జన్‌గా ఉన్న రోజుల్లో పాముకాట్లు, పురుగుమందు తాగినవాళ్ళు, లారీ కింద పడ్డవాళ్ళు ఒకరి మీద ఒకరు వచ్చిపడుతుంటే చెయ్యి వణకకుండా పనిచేసిన మనిషి. అలాంటిది, ఆస్ట్రేలియాలో ఆ గోధుమల ఊరికి వచ్చాక, వరండాలో పేషెంటు కుర్చీ జరిపిన చప్పుడు వింటే చాలు, రాస్తున్న కలం ఆపి తలుపు వైపు చూసేది. వచ్చేవాడు ఏ రోగంతో వస్తున్నాడన్నది కాదు ఆవిడ బెంగ. ఏ మాటతో వస్తున్నాడన్నదే.

అది తొంభైతొమ్మిదో సంవత్సరం. రెండువేలు రాగానే కంప్యూటర్లు తేదీని తప్పుగా చదివి ఆగిపోతాయని లోకమంతా హడలిపోతున్న కాలం. అమీర్‌పేటలో నాలుగు నెలలు కోబాల్ అనే పాత కంప్యూటర్ భాష నేర్చుకున్నవాణ్ణి కూడా విమానమెక్కించి తీసుకుపోతున్న కాలం. విద్యావతి భర్త ఉపేంద్ర అలాగే మెల్‌బోర్న్ వచ్చి, ఒక బ్యాంకులో పాత ప్రోగ్రాములు సరిచేసే పనిలో కుదురుకున్నాడు. వెనకే వచ్చిన విద్యావతి ఇక్కడి డాక్టరు పరీక్షలు రాసి నెగ్గింది. కానీ పరాయిదేశంలో చదివిన డాక్టర్లకి పట్నంలో చోటు లేదన్నారు. ఇక్కడివాళ్ళు వెళ్ళని ఊళ్ళకి వెళ్తామంటే మాత్రం కళ్ళకద్దుకున్నారు. అలా మెల్‌బోర్న్‌కి వాయవ్యంగా, కారులో పూట ప్రయాణమంత దూరంలో, గోధుమ చేల మధ్య ఉన్న చిన్న ఆసుపత్రికి వచ్చిపడింది. ఉపేంద్ర శని, ఆదివారాలు వచ్చి వెళ్ళేవాడు.

ఇంగ్లీషు రాదని కాదు. ఏలూరులో కాన్వెంటు చదువు. ఇక్కడి ఇంగ్లీషు పరీక్షలో మంచి మార్కులు. కానీ ఆ పరీక్ష టేపులో మాట్లాడినవాడు రేడియోలో వార్తలు చదివేవాడిలా అక్షరం అక్షరం విడదీసి పలికాడు. ఈ ఊళ్ళో ఈగలు నోట్లో దూరతాయేమోనన్నట్టు పెదాలు కదపకుండా మాట్లాడతారు. మొదటిరోజే ఒక ముసలావిడ వచ్చి, ఆదివారం నుంచీ తను ‘క్రుక్’ అంది. క్రుక్ అంటే మోసగాడనే విద్యావతికి తెలుసు. ఈవిడ ఏ నేరం ఒప్పుకుంటోందో తెలియక బిక్కచచ్చిపోయింది. ఒంట్లో బాగాలేదని దానర్థమట. ఇంకొకాయన ‘ఆర్వో’కి మళ్ళీ వస్తానంటే, మన ఆర్డీవో లాగా ఎవరో అధికారి కాబోలనుకుంది. ఆర్వో అంటే మధ్యాహ్నం పూట.

ఫోన్‌లో చెబితే ఉపేంద్ర పడీపడీ నవ్వాడు.

“నువ్వు మరీ ఇదైపోతున్నావ్ విద్యా. మా ఆఫీసులో కూడా ఇంతే. మొన్న మా మేనేజర్ నా కోడ్ చూసి ‘నాట్ బ్యాడ్, మేట్’ అన్నాడు. ఇంత కష్టపడితే ఇదా అని నేను మొహం మాడ్చుకుని కూర్చున్నాను. పక్కసీటులో శ్రీలంకతను చెప్పాడు, ఇక్కడ అంతకంటే పెద్ద మెచ్చుకోలు ఉండదట!”

“మీ దగ్గర తేడా వస్తే ప్రోగ్రాం ఆగిపోద్దండీ,” అంది విద్యావతి. “నా దగ్గర తేడా వస్తే మనిషి.”



ఆ ఊరి పెద్ద డాక్టరు ప్రైస్ గారు ఉన్నంతకాలం కొంత నయం. అర్థం కానిది పక్కగదిలోకి వెళ్ళి అడిగి వచ్చేది. నవంబరులో ఆయన తుంటి ఆపరేషన్‌కి మెల్‌బోర్న్ వెళ్ళాడు. తిరిగి రావడానికి సంక్రాంతి దాటుతుందన్నారు. హెడ్ నర్సు మార్లీన్ మంచిదే గాని మితభాషి. అన్నిటికీ ఆవిడనే అడిగితే, ఈ డాక్టరుకి ఏమీ తెలియదని ఊరంతా అనుకుంటుందేమోనని ఇంకో భయం. అందుకని అడగడం తగ్గించింది. అర్థం కాని మాటకి తల ఊపడం, ఆనక దాని గురించి తన్నుకులాడడం అలవాటు చేసుకుంది. ఆ అలవాటే కొంపముంచింది.

కోతల రోజులవి, నవంబరు, డిసెంబరులు ఇక్కడ ఎండాకాలం. ఒక ఉదయం కెన్ ట్రెలోర్ అనే రైతు వచ్చాడు. అరవైకి దగ్గరపడ్డ భారీ మనిషి, మెడంతా ఎండకి కమిలి ఇటుకరంగు తేలింది. టోపీ ఒళ్ళో పెట్టుకుని, ఎన్నడూ రానివాడు బడికి వచ్చినట్టు కుర్చీ అంచున కూర్చున్నాడు.

“మా డాట్ పంపించింది,” అన్నాడు, తనేదో తప్పు చేసినట్టు. డాట్ అతని భార్య. “పొద్దున్నించీ కొంచెం ఆర్డినరీగా ఉంది డాక్, అంతే.”

బీపీ చూసింది, కాస్త తక్కువ. నాడి పర్వాలేదు. నుదురు చెమట పట్టి ఉంది గాని, ఆ ఎండకి విద్యావతి నుదురూ అలాగే ఉంది. ఈసీజీ తీసింది. ఒకచోట గీత ఉండాల్సినదానికంటే పిసరు పైకి లేచినట్టుంది. లేవలేదేమో కూడా. పాతదేమోననుకుందామంటే, పోల్చి చూడడానికి అతను ఇంతకుముందు ఆసుపత్రి గడప తొక్కిన మనిషి కాదు.

“గుండెల్లో నొప్పి ఉందా?”

“యా, నాహ్,” అన్నాడు కెన్. అవును, కాదు, రెండూ ఒకే ఊపిరిలో. “ఏదో చిన్నగా పట్టేసినట్టుంది. అంత బ్యాడ్ కాదు.”

“ఇప్పుడు ఎలా ఉంది? సరిగ్గా చెప్పండి.”

“సరిగ్గా చెప్పాలంటే, ప్రెటీ ఆర్డినరీ.”

ఆర్డినరీ అంటే విద్యావతికి ఏలూరు నుంచి కైకలూరు పోయే ఆర్డినరీ బస్సు. ఎక్స్‌ప్రెస్సు కాదు, డీలక్సు కాదు, మామూలుది. సరిగ్గా చెప్పమంటే మామూలుగా ఉందంటున్నాడు. బయట వరండా నిండా జనం. కెన్ కిటికీలోంచి ఆకాశం వైపు చూస్తున్నాడు. వానొచ్చేలా ఉందట, కోతమిషను చేలో ఆగిపోయి ఉందట. అయినా ఆవిడ మనసు పీకుతూనే ఉంది. రక్తం తీసి పెద్ద ఊరి ల్యాబుకి పంపింది. ఆస్పిరిన్ మింగించింది. ఇంట్లో పడుకోండి, పని చెయ్యద్దు, రిపోర్టు రాగానే ఫోన్ చేస్తానంది. “నో వర్రీస్,” అని కెన్ టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. అతను మెట్లు దిగుతూ పిట్టగోడ పట్టుకుని ఒక్క క్షణం ఆగడం ఆవిడ కిటికీలోంచి చూసింది. చూసి, తర్వాతి పేషెంటుని పిలిచింది.

మధ్యాహ్నం టీ కోసం ఆసుపత్రి వంటగదిలోకి వెళ్ళింది. వంటావిడ గ్లెనిస్ పాలసీసా మూత తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని మొహం చిట్లించింది.

“ఈ పాలు కొంచెం ఆర్డినరీగా ఉన్నాయి,” అంటూ మొత్తం సింకులో పారబోసింది.

విద్యావతి చేతిలో కప్పు అలాగే ఉండిపోయింది.

“ఆర్డినరీగా ఉంటే ఎందుకు పారబోశావు?”

గ్లెనిస్ విచిత్రంగా చూసింది. “వాసన రావట్లా? విరిగిపోయాయి. తాగితే చస్తాం.”

“ఆర్డినరీ అంటే... మామూలని కదా?”

“ఎక్కడ?” అంది గ్లెనిస్.

 ఆ ఉదయపు మాటలన్నీ ఒక్కొక్కటే తిరగబడి కొత్త అర్థంతో చెవుల్లో మోగసాగాయి. కొంచెం ఆర్డినరీ. చిన్నగా పట్టేసినట్టుంది. అంత బ్యాడ్ కాదు. ఏలూరులో రోగి ‘చచ్చిపోతున్నానమ్మా’ అంటూ వస్తాడు. అందులో సగం కొట్టేస్తే నిజం మిగులుతుంది. ఇక్కడ ఏదీ కొట్టెయ్యకూడదు. ‘కొంచెం’ అన్నచోట ‘చాలా’ అని, ‘పర్వాలేదు’ అన్నచోట ‘పట్టుకోండి’ అని వినాలి. ఆ మనిషి తన గుండె ఆగిపోతోందని తనకి తెలిసిన భాషలో, ఉన్నదున్నట్టు చెప్పాడు. తను ఇంటికి పంపించేసింది.

రిపోర్టు కోసం ఆగకుండా ఫోన్ దగ్గరికి పరిగెత్తింది. ట్రెలోర్ వాళ్ళింట్లో డాట్ ఎత్తింది.

“ఇంట్లో ఎందుకుంటాడు, వెనక చేలో మిషను మీద ఉన్నాడు. నువ్వు పర్లేదన్నావట కదా?” అంది డాట్. తర్వాత గొంతు తగ్గించి, “అన్నం ముట్టలేదు. కొంచెం మూగగా ఉన్నాడు,” అంది.

“మిషనులో రేడియో ఉంటుందా? పిలవండి. వెంటనే దిగి పడుకోమనండి.”

డాట్ పక్కకి వెళ్ళి పిలవడం వినిపించింది. కెన్. కెన్, వినపడుతోందా. మళ్ళీ కెన్. బదులుగా గరగర తప్ప ఏమీ రాలేదు.

ఊరికున్న ఒక్క అంబులెన్సు ఏదో కారు ప్రమాదమని అవతలి దిక్కుకి వెళ్ళింది. మార్లీన్‌కి రెండు ముక్కల్లో చెప్పింది. ఆవిడ ఎందుకు, ఏమిటి అనలేదు. గుండెకి షాకిచ్చే పెట్టె, ఆక్సిజన్, మందుల సంచీ ఆసుపత్రి కారులో పడేసి స్టీరింగు పట్టుకుంది.

“ఎంత దూరం?” అడిగింది విద్యావతి.

“జస్ట్ అప్ ద రోడ్.”

నిన్నటిదాకా అయితే ఆ మాటకి, వీధి చివర అనుకునేది. ఇప్పుడు చాలా దూరమని వినిపించింది. నిజమే, తారురోడ్డు అయిపోయింది, ఎర్రమట్టి రోడ్డు మొదలైంది, అది ఎంతకీ తెగలేదు. రెండువైపులా పండిన గోధుమ తప్ప చెట్టూ చేమా లేదు. వెనక లేచిన దుమ్ము ఊరిని మింగేసింది. ఈపాటికి పడిపోయి ఉంటాడు. ఆ మిషను కిందే పడి ఉంటాడు. భర్త మీద ఆశ పెట్టుకుని గేటు దగ్గర నిలబడ్డ ఆడమనిషికి తను ఏం చెప్పాలి? విద్యావతి సీటుబెల్టుని రెండుచేతులా పట్టుకుని, నోట్లోనే వెంకటేశ్వరస్వామిని పిలుచుకుంటోంది.

“షీల్ బి రైట్,” అంది మార్లీన్, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

అంతా సర్దుకుంటుందని. ఇంత నిబ్బరంగా ఎలా అంటారీ మనుషులు అని విద్యావతికి కోపం కూడా వచ్చింది. అప్పుడే స్టీరింగు మీద ఆవిడ చేతులు కనిపించాయి. కణుపులు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. కింది పెదవి పళ్ళ మధ్య నలిగి రక్తం చిమ్మింది. అప్పుడర్థమైంది, వీళ్ళకీ భయం ఉంది, తనకున్నంతా ఉంది. నోటిదాకా మాత్రం రానివ్వరు. ఆ సంగతి తెలిసినందుకు ధైర్యం రాకపోగా, భయం రెట్టింపైంది.

డాట్ గేటు బార్లా తీసి పట్టుకుని, చేతితో దారి చూపించి, కదులుతున్న కారులోకే ఎక్కేసింది. సగం కోసిన చేను మధ్య కోతమిషను నిలబడి ఉంది. ఇంజను ఆడుతూనే ఉంది. కెన్ పెద్ద చక్రానికి వీపు ఆనించి నీడలో కూర్చున్నాడు. ఇటుకరంగు మొహం బూడిదరంగుకి తిరిగింది. వీళ్ళని చూసి లేవబోయాడు.

“ఇంతదూరం అక్కర్లేకపోయింది, డాక్,” అన్నాడు.

ఆ మాట పూర్తవుతూనే పక్కకి ఒరిగిపోయాడు.

మెడ దగ్గర నాడి లేదు. విద్యావతి చొక్కా చింపేసింది. మార్లీన్ పెట్టె తెరిచింది. తెరమీద గీత పిచ్చిపట్టినట్టు వణుకుతోంది. ఇంజను హోరులో ఎవరి మాటా ఎవరికీ వినపడదు, వినాల్సిన మాటలూ ఏమీ లేవు. షాకిచ్చింది. గీత మారలేదు. మోకాళ్ళ కింద గోధుమ మొదళ్ళు గుచ్చుకుంటుంటే రెండు అరచేతులూ వేసి ఛాతీ నొక్కింది. నొక్కుతూ నొక్కుతూ తనకి తెలియకుండానే తెలుగులో అరుస్తోంది: “లే బాబూ, లే, లేవయ్యా!” మళ్ళీ షాకిచ్చింది. కెన్ ఒళ్ళు ఎగిరిపడింది. గీత ఒక్క క్షణం పడుకుని, ఎవరో తట్టినట్టు లేచి, మళ్ళీ లేచి, నడక అందుకుంది.

కాసేపటికి కళ్ళు తెరిచాడు. భార్య వైపు చూసి పెదాలు కదిపాడు. డాట్ వంగి విని, లేచి వెళ్ళి మిషను ఇంజను ఆపుచేసింది. ముగ్గురూ కలిసి అతన్ని కారు వెనకసీట్లో పడుకోబెట్టి తీసుకొచ్చారు.

ఆసుపత్రిలో గుండె నాళంలో గడ్డ కరిగే మందు ఎక్కించారు. సాయంత్రానికి మెల్‌బోర్న్ నుంచి రోగుల విమానం వచ్చి ఊరిబయట దిగింది. స్ట్రెచరు ఎక్కిస్తుండగా విద్యావతి డాట్ దగ్గరికి వెళ్ళింది. దార్లోనే నిశ్చయించుకుంది, చెప్పకుండా ఉండలేదు.

“పొద్దున ఆయన సరిగ్గానే చెప్పారు. నాకే ఆ మాట అర్థం కాలేదు. బాగానే ఉందంటున్నారనుకుని ఇంటికి పంపించాను. తప్పు నాది.”



“అర్థం కాకపోతే అడగొచ్చుగా,” అంది డాట్.

అంతే. వెనక్కి తిరిగి విమానం మెట్లెక్కింది.

ఆ తర్వాతి రోజులు విద్యావతి జీవితంలోకెల్లా గడ్డురోజులు. ప్రైస్ గారికి ఫోన్ చేసి అంతా చెప్పింది. ఆయన, ఇంకెవరో చెప్పకముందే ఆసుపత్రి కమిటీకి నువ్వే చెప్పు అన్నాడు. చెప్పింది. విచారణ పెడతామన్నారు. డాక్టరు పని పోతే వీసా పోతుంది. ఉపేంద్ర వీసా మీద ఉందామన్నా, అతని కాంట్రాక్టు కూడా రెండువేలు రావడంతోనే సరి. పోస్టాఫీసులో ఎవరు తనవైపు చూసినా, తనని హంతకురాలిలా చూస్తున్నట్టే ఉండేది. శనివారం ఉపేంద్ర వచ్చేసరికి మనిషి చిక్కి సగమైంది.

“వెళ్ళిపోదాం విద్యా. నీకిష్టం లేకపోతే రేపే వెళ్ళిపోదాం,” అన్నాడు.

“ఎక్కడికెళ్ళినా పేషెంట్లు మాట్లాడతారు కదండీ,” అంది.

వెళ్ళలేదు. కానీ తల ఊపడం మానేసింది. ప్రతి మనిషినీ ఎదురడిగేది. నిన్న ఎత్తిన బరువు ఇవాళ ఎత్తగలరా? రాత్రి ఎన్ని దిండ్లు వేసుకుని పడుకున్నారు? మీ ఆవిణ్ణడిగితే ఏమంటుంది? కొందరు విసుక్కున్నారు. ఈ డాక్టరు పోలీసులా ఆరా తీస్తుందన్నారు. అననీ అనుకుంది.

డిసెంబరు నెలాఖరుకి ఎవరో సాంకేతికుడు వచ్చి ఆసుపత్రిలో మిషన్లన్నిటికీ, రెండువేలలో ఆగిపోవని గుర్తుగా, పచ్చ స్టిక్కర్లు అంటించి వెళ్ళాడు. రెండువేలు వచ్చింది. ఎక్కడా ఏదీ ఆగలేదు. లోకం ఊపిరి పీల్చుకుంది. విద్యావతికి మాత్రం ఆ ఊపిరి ఫిబ్రవరిదాకా అందలేదు. ఉద్యోగంలో ఉండనిస్తాం, అనుమానమున్న ప్రతి ఈసీజీనీ పెద్దాసుపత్రికి పంపి, అక్కడి డాక్టరుతో మాట్లాడాకే రోగిని వదలాలి అని అప్పుడు తేల్చారు. ఆ వేసవిలోనే ఉపేంద్ర కాంట్రాక్టు ముగిసింది. అతను మూటాముల్లె సర్దుకుని ఆ ఊరే వచ్చి, గోధుమల సహకార సంఘంలో కంప్యూటర్లు చూసే పనికి కుదిరాడు.

కెన్ బతికాడు. కానీ గుండెలో కొంతభాగం చచ్చిపోయింది, మళ్ళీ మిషనెక్కలేదు. చేను మేనల్లుడికి కౌలుకిచ్చాడు. నెలకోసారి విద్యావతి దగ్గరికే పరీక్షకి వచ్చేవాడు. ఆ రోజు సంగతి ఒక్కసారి కూడా ఎత్తలేదు. డాట్ అతన్ని కారులో దింపి, లోపలికి రాకుండా స్టీరింగు ముందే కూర్చుని ఉండేది. కిటికీలోంచి ఆ కారు కనిపించినప్పుడల్లా విద్యావతి చూపు తిప్పుకునేది.

ఆ ఏడు జూలైలో, ఇక్కడి చలికాలంలో, ఒకరోజు డాట్ ఒక్కతే వచ్చింది. కుర్చీలో కూర్చుని, చేతిసంచీని గుండెలకి అదుముకుంది. 

“రొమ్ములో గడ్డలా తగులుతోంది,” అంది డాట్. “నాకు భయంగా ఉంది.”

ఐ యామ్ ఫ్రైటెన్డ్. ఆ ఊరికొచ్చిన ఇన్నాళ్ళలో ఆ ముక్క అంత సూటిగా పలికిన మనిషి లేదు. కొంచెం అనలేదు, పర్వాలేదనలేదు. ఈ డాక్టరుకి తప్పుగా అర్థమయ్యే వీలు లేకుండా, నిఘంటువులో ఉన్న మాటనే ఏరుకుని తెచ్చుకుంది.

విద్యావతి బల్ల దాటి వచ్చి పక్క కుర్చీలో కూర్చుంది.

“నాకూ భయమే,” అంది. “ఇవాళే చూద్దాం. ఇవాళే ఫోన్ చేస్తాను. మీరు అడగాలనుకున్నవన్నీ అడగండి. నేనూ అడుగుతాను.”

డాట్ తల ఊపి, కోటు గుండీలు విప్పడం మొదలుపెట్టింది. పై గుండీ ఎంతకీ రాలేదు. విద్యావతి విప్పింది.

గడ్డ చెడ్డదేనని తేలింది, కానీ చిన్నగా ఉండగానే దొరికింది. బెండిగో పట్నంలో ఆపరేషన్ అయ్యాక కుట్లు విప్పించుకోవడానికి డాట్ ఈ ఆసుపత్రికే వచ్చింది. కెన్ వరండాలో కూర్చున్నాడు. ఆ తర్వాత పుట్టిన కూతురు తన్మయి హైస్కూలుకి వచ్చి, మెల్‌బోర్న్ శివారులోని క్రెయిగీబర్న్‌కి మారేదాకా విద్యావతి ఆ ఊళ్ళోనే ఉంది. వాళ్ళు వెళ్ళేముందు డాట్ ఒక కేకు పంపింది, దాంతోపాటు ఏమీ రాసి పంపలేదు.